చేయి వదలగానే ఆగే గ్రైండర్: రెండేళ్లు దాటాక నా మాట

ఇనుము కోయడానికి, సాపు చేయడానికి చేత్తో పట్టుకుని వాడే యాంగిల్ గ్రైండర్ కొనాలనుకున్నవాళ్లు వాట్లు ఎన్ని, వీల్ ఎంత, ధర ఎంత అనే అడుగుతారు. అవన్నీ డబ్బా మీదే ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది స్విచ్ గురించి. మెషీన్ పొట్ట కింద పొడుగ్గా ఉండే ప్యాడిల్ స్విచ్ అది. నొక్కి పట్టుకున్నంతసేపే వీల్ తిరుగుతుంది. పట్టు వదిలితే మోటారు నడవడం ఆగి బ్రేక్ పడుతుంది. ఇవాళ నేను నా రెండు కాళ్ల మీద నిచ్చెన ఎక్కుతున్నానంటే ఆ స్విచ్ చలవే.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి 5 అంగుళాల మెషీన్లు చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి. నేను చెప్పేదాంట్లో చాలావరకు వాటన్నిటికీ వర్తిస్తుంది.

మాది విజయవాడ. గేట్లు, గ్రిల్స్, బాల్కనీ రెయిలింగ్‌లు చేసి బిగిస్తాం. షాపులో కంటే సైటు మీదే ఎక్కువ ఉంటాం. ఇంతకుముందు నా దగ్గర ఉన్నది స్లైడ్ స్విచ్ ఉన్న 4 అంగుళాల మెషీన్. బొటనవేలితో ముందుకు తోస్తే లాక్ అయిపోతుంది, మళ్లీ వెనక్కి లాగేదాకా నడుస్తూనే ఉంటుంది. పనికి వంక పెట్టలేం, గట్టి మెషీన్. కానీ మన దగ్గర కోత మధ్యలో కరెంటు పోవడం మామూలే. స్విచ్ ఆన్‌లోనే ఉండగా మెషీన్ కింద పెట్టి టీకి వెళ్లారనుకోండి, కరెంటు వచ్చిన క్షణాన అది దానంతటదే లేచి నేలంతా గిరగిరా తిరుగుతుంది. మా పక్క షాపులో అలా లేచిన మెషీన్ తన వైరు తానే కోసుకుని ఆగింది. ఆ దారిలో ఎవరి కాలూ లేదు కాబట్టి సరిపోయింది. నేను ప్యాడిల్ మెషీన్‌కి మారింది ఆ భయంతోనే. అది నన్ను కాపాడింది మాత్రం వేరే చోట.

పోరంకిలో ఒక ఇంటి రెండో అంతస్తు బాల్కనీ. అక్కడి రెయిలింగ్ అంతకుముందు చలికాలంలో మేమే బిగించాం. రెండు పిల్లర్ల మధ్య 4 మీటర్ల పై పైపు, రెండు కొసలూ పిల్లర్లలో దిగేసిన ప్లేట్లకు వెల్డింగ్. మే నెలలో ఇంటాయన ఫోన్ చేసి, ఏసీ బయటి యూనిట్ దించుకోవడానికి మధ్యలో ఊడదీసుకునే ముక్క ఒకటి కావాలన్నారు. వెళ్లేసరికి మధ్యాహ్నం. పైపు ముట్టుకుంటే చేయి కాలుతోంది. పరంజా మీద నిలబడి, 1.2 మిల్లీమీటర్ల కటింగ్ వీల్ వేసి పైనుంచి కోత మొదలుపెట్టాను. ముప్పాతిక వంతు దిగేదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఉన్నట్టుండి వీల్ శబ్దం మారింది, గొంతు పట్టుకున్నట్టు ఒక్క మూలుగు. ఆ వెంటనే మెషీన్ కోతలోంచి ఎగిరింది. కుడి చేతి పట్టు జారిపోయింది. ఎడమ చేయి మాత్రం సైడ్ హ్యాండిల్‌ని వదల్లేదు. దాంతో మెషీన్ ఆ చేతికి వేలాడుతూ చుట్టు తిరిగి వచ్చి నా ఎడమ తొడ లోపలి వైపు కొట్టుకుంది. కింద నుంచి హెల్పర్ కుర్రాడు "అన్నా, ప్లగ్గు పీకనా?" అని అరుస్తున్నాడు. నేను తల వంచి చూసేసరికి వీల్ ఆగిపోయి ఉంది. పంట్లాం మీద నల్లగా ఒక గీత, లోపల చర్మం కమిలింది. అంతే. తెగలేదు.

5 అంగుళాల వీల్ నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు దాదాపు 260 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, అది తెగితే ఆస్పత్రికి చేరేంత టైము కూడా ఉండకపోవచ్చు. నా పాత మెషీన్ అయితే చేయి జారినా లాక్‌లో ఉన్న స్విచ్ వల్ల పూర్తి వేగంతో తిరుగుతూనే ఉండేది. ఇక్కడ కుడి చేయి జారగానే ప్యాడిల్ లేచింది, మెషీన్ తొడ దాకా వచ్చేలోపే బ్రేక్ చాలావరకు పని కానిచ్చేసింది. గార్డు, అంటే వీల్‌ని సగం కప్పి ఉంచే రేకు తొడుగు, దాని సంగతీ చెప్పాలి. వీల్‌లో ఒక పెచ్చు ఊడి గార్డు లోపల సొట్ట పెట్టింది. గార్డు లేకపోతే ఆ పెచ్చు ఎటు పోయేదో.

పైపు వీల్‌ని ఎందుకు పట్టేసిందో ఇంటాయనే వివరించారు. ఆయన రిటైరైన ఇంజినీరు. ఇనుము ఒక మీటరు పొడవుకి, ఒక డిగ్రీ వేడికి 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. 4 మీటర్ల పైపుకి, చలికాలం పొద్దుటికీ మే మధ్యాహ్నపు ఎండకీ 30 డిగ్రీల తేడా వేసుకున్నా 1.4 మిల్లీమీటర్లు దాటుతుంది. రెండు కొసలూ బిగించేసి ఉన్నాయి కాబట్టి సాగడానికి చోటు లేక ఆ ఒత్తిడంతా పైపులోనే ఉండిపోయింది. నేను కోసి ఇచ్చిన సందు 1.2 మిల్లీమీటర్లు. పైపు ఆ సందులోకే వచ్చింది. ఇన్నేళ్ల పనిలో ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఇప్పుడు రెండువైపులా బిగించిన పైపుల్ని ఎండెక్కకముందే కోస్తున్నాం. కోత కాస్త దిగగానే మెషీన్ తీసి, సందులో రేకు ముక్క దిగ్గొట్టి మిగతాది కోస్తున్నాం.

ఆ తర్వాత కొన్నాళ్లు కనబడిన ప్రతివాడికీ ఇదే మెషీన్ కొనమని చెప్పాను. ఇప్పుడు అదే మాట కొంచెం ఆచితూచి చెప్పాల్సి వస్తోంది.

నా మెషీన్‌లోది కరెంటుతో పనిచేసే బ్రేక్. కరెంటే పోతే బ్రేక్ కూడా లేదు. ఇది ఒక సైటులో పవర్ పోయినప్పుడు బయటపడింది. స్విచ్ వదిలేశాను, అయినా వీల్ పాత మెషీన్‌లో లాగే తన తీరికన తాను తిరుగుతూ ఉంది. కరెంటు మళ్లీ వచ్చినప్పుడు దానంతటదే లేవదన్న ధీమా మాత్రం చెక్కుచెదరలేదు. కానీ పవర్ పోయిందని వెంటనే మెషీన్ కింద పెట్టకూడదు. వీల్ పూర్తిగా ఆగేదాకా చేతిలోనే ఉంచాలి.

మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు కూడా పాతదాని కంటే ముందే అరిగాయి. బ్రష్ చివరికొచ్చేసరికి ముందు మందగించింది బ్రేకే. వీల్ ఆగడానికి ఎక్కువసేపు పడుతోందనిపిస్తే ఆటోనగర్ వెళ్లి బ్రష్‌లు మార్పిస్తున్నాను.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గేటు వెల్డింగులు సాపు చేసే పనైతే ప్యాడిల్ పట్టుకుని వేళ్లు పీకేస్తాయి. మొదటి నెలలో రాత్రిళ్లు అన్నం కలుపుకోవడానికి కూడా ఇబ్బందిగా ఉండేది. కొన్నాళ్లకు అలవాటైంది కానీ, పూర్తిగా పోయిందని చెప్పను. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చేయి నొప్పి తట్టుకోలేక కుర్రాళ్లు ప్యాడిల్‌ని బైండింగ్ వైరుతో కట్టేస్తారు. రోజుకూలీకి వచ్చిన ఒక పనివాడు నా మెషీన్‌కే అలా కట్టాడు. ఆ రోజు నేను గట్టిగానే అరిచాను. పనికి వచ్చిన మనిషి మీద అరవడం నాకు ఇష్టం ఉండదు, కానీ నా తొడ మీద మచ్చ ఉంది. డబ్బులు పోసి కొన్న ఒక్క రక్షణనీ అణాపైసా ఖర్చు లేని వైరు ముక్క తీసేస్తోంది.

గార్డు విప్పేసి, పెద్ద మెషీన్‌లో అరిగిన 7 అంగుళాల వీల్‌ని దీనికి తగిలించేవాళ్లనీ చూస్తున్నాను. ఆ వీల్ మీద నిమిషానికి 8,500 చుట్లే అని అచ్చేసి ఉంటుంది, ఈ మెషీన్ వేగం అంతకంటే చాలా ఎక్కువ. మధ్య రింగు మీద గడువు తేదీ కూడా ఉంటుంది. దయచేసి రెండూ చదవండి. ఏ స్విచ్ అయినా పగిలిన వీల్‌ని ఆపలేదు.

నాది ఎత్తు మీద, ఒంటరిగా, ఎలా పడితే అలా వంగి చేసే పని. నాకైతే స్లైడ్ స్విచ్ మెషీన్‌ని మళ్లీ చేతిలోకి తీసుకునే ఉద్దేశం లేదు. బెంచీకి ముక్క బిగించి రోజంతా ఫినిషింగ్ చేసేవాళ్లు, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు ముందు ఎవరి దగ్గరైనా తీసుకుని ఒక పూట పట్టుకుని చూసి కొనండి. ధర కూడా పాత రకం కంటే బాగా ఎక్కువే. సైటులు తక్కువగా దొరికే ఏడాదిలో నేనే కొనగలిగేవాణ్ని కాదేమో. కరెంటు లేకపోయినా పడే మెకానికల్ బ్రేక్ ఉన్న మెషీన్లు కూడా వస్తున్నాయి. ఈసారి మార్చేటప్పుడు అదే చూద్దామనుకుంటున్నాను. మీలో ఎవరైనా సైటు పనిలో ఏడాదికి పైగా వాడి ఉంటే, బ్రేక్ ప్యాడ్ ఎన్నాళ్లకు అరిగిందో, మార్చడానికి ఎంతైందో చెప్పండి.