హింస తెలిసినవారు చెప్పి తీరాలా? మూడు పద్ధతుల్లో ఏది మేలు

1962లో అమెరికా పిల్లల వైద్యుడు హెన్రీ కెంప్ సహచరులతో కలిసి ఒక వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించారు. పసిపిల్లల ఎక్స్‌రేలలో, కొన్ని మానిపోయి కొన్ని పచ్చిగా కనిపించే ఎముకల విరుగుళ్లు చాలాసార్లు ప్రమాదాలు కావని, పెంచేవాళ్లు కొట్టిన దెబ్బలని, ఆ మాట నమ్మడానికి డాక్టర్లకే మనసు రావడం లేదని ఆ వ్యాసం చెప్పింది. 1967 నాటికి అక్కడి రాష్ట్రాలన్నీ ఇలాంటి అనుమానాన్ని అధికారులకు తెలియజేయడం తప్పనిసరి చేస్తూ చట్టాలు తెచ్చాయి.

ఇప్పుడు ప్రపంచంలో స్థూలంగా మూడు పద్ధతులు నడుస్తున్నాయి. మొదటిది, విషయం తెలిసిన ప్రతి మనిషీ చెప్పి తీరాలన్నది: అమెరికాలో న్యూజెర్సీ, ఆస్ట్రేలియాలో నార్తర్న్ టెరిటరీ, పిల్లలపై లైంగిక నేరాల వరకు మన 2012 నాటి పోక్సో చట్టం. రెండోది, డాక్టర్లు, టీచర్లు, సంక్షేమ ఉద్యోగుల వంటి కొన్ని వృత్తులవారికే ఆ బాధ్యత. స్వీడన్‌లో వృత్తిరీత్యా పిల్లలతో పనిచేసేవారు చెప్పాలి, మిగతావారు చెబితే మంచిది అంటారు. మూడోది న్యూజిలాండ్ పద్ధతి. అక్కడ ఎవరైనా చెప్పవచ్చు, సదుద్దేశంతో చెప్పినవారికి రక్షణ ఉంటుంది, చెప్పనందుకు మాత్రం సాధారణంగా శిక్ష లేదు.

వినడానికి మొదటిదే న్యాయంగా ఉంటుంది. బిడ్డ ఏడుపు విన్నవాడు డాక్టరైతే ఏమిటి, దర్జీ అయితే ఏమిటి? పోక్సోలో నాకు నచ్చే అంశం మరొకటుంది. తెలిసీ చెప్పని మామూలు మనిషికి ఆరు నెలల వరకు జైలు అయితే, తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు. పరువు పోతుందని లోపల్లోపలే రాజీ చేసే యాజమాన్యాలను ఉద్దేశించిన నిబంధన అది, ఉండాల్సిందే.

చిక్కంతా అనుమానం వచ్చిన ప్రతివారినీ శిక్ష భయంతో పరుగెత్తించినప్పుడు వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి ఇష్టపూర్వక సంబంధంలో గర్భం దాల్చిందనుకోండి, పోక్సో దృష్టిలో అదీ నేరమే. డాక్టరు దగ్గరికి వెళ్తే పోలీసులకు తెలుస్తుందన్న భయంతో ఆ కుటుంబం అర్హత లేనివారి చేతుల్లో పడుతుంది. ఈ ప్రమాదాన్ని గుర్తించే 2022లో సుప్రీంకోర్టు, గర్భస్రావం కోరిన మైనరు, ఆమె సంరక్షకులు అడిగితే, పోక్సో కింద ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు డాక్టరు వెల్లడించనక్కర్లేదని చెప్పింది. చట్టం పెట్టిన భయాన్ని కోర్టు కొంత సడలించాల్సి వచ్చిందంటే, ఆ భయం దాచేవాళ్లకే కాక సాయం కోరేవాళ్లకూ తగులుతోందని అర్థం.

ఫిర్యాదుల వరద ఇంకో సమస్య. అమెరికాలో 2022లో పిల్లల రక్షణ విభాగాలకు నలభై లక్షలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. దాదాపు సగం దర్యాప్తు దాకా వెళ్లలేదు. చివరికి బాధితులుగా తేలిన పిల్లలు సుమారు 5 లక్షల 60 వేల మంది. మిగిలినవన్నీ అబద్ధాలని నేను అనను, రుజువు కాకపోవడం వేరు, జరగకపోవడం వేరు. అయినా, తనను తాను కాపాడుకోవడానికి ఒకరు చేసిన ఫోను మరో ఇంటికి వెళ్లాల్సిన ఉద్యోగి సమయాన్ని తినేస్తుంది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 అక్టోబరు నుంచి ఉన్న ఒక చిన్న నిబంధన నాకు ఇంతకంటే తెలివైనదిగా తోస్తుంది. ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారానికి పద్దెనిమిదేళ్లలోపు అమ్మాయి గురైనట్టు ఆమె నోట విన్నా, కంటితో చూసినా వైద్య సిబ్బంది, టీచర్లు, సంక్షేమ ఉద్యోగులు పోలీసులకు చెప్పాలి. అనుమానం మాత్రమే ఉంటే ఈ నిబంధన వర్తించదు, దానికి మామూలు రక్షణ మార్గాలున్నాయి. ఎవరు, ఏమి చూస్తే, ఎవరికి చెప్పాలో ఇంత స్పష్టంగా ఉంటే తప్పించుకోవడం కష్టం, అతిగా భయపడడమూ అనవసరం.

కాబట్టి పిల్లల విషయంలో నా ఓటు రెండో పద్ధతికే, సంస్థలు దాచిపెడితే శిక్ష అన్న పోక్సో అంశాన్ని దానికి కలుపుకొని. ఇరుగుపొరుగుకు జైలు భయం కన్నా, చెప్పినందుకు కేసు పడదన్న భరోసా, పేరు బయటికి రాదన్న హామీ ఎక్కువ పనిచేస్తాయని నా నమ్మకం.

ఇదే కొలతతో పెద్దవాళ్లను కొలవకూడదు. కాలిఫోర్నియాలో దాడివల్ల గాయపడిన మనిషికి చికిత్స చేసిన వైద్య సిబ్బంది, ఆ మనిషి వద్దన్నా పోలీసులకు తెలియజేయాలి. కొట్టిన భర్త ఇంటికి తిరిగొచ్చేలోపు తాను ఎక్కడుండాలో ఆలోచించుకుంటున్న స్త్రీకి ఇది సాయం కాదు, ఆమె చేతిలోని చివరి నిర్ణయాన్ని లాగేసుకోవడం. మన 2005 నాటి గృహహింస చట్టం ఇక్కడ మర్యాదగా ప్రవర్తించింది: ఎవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చు, సదుద్దేశంతో ఇచ్చినవారిపై బాధ్యత ఉండదు, ఇవ్వమని బలవంతమూ లేదు. వయసు మళ్లినవారైనా మతి స్థిరంగా ఉంటే ఇదే వర్తించాలి. మతిమరుపు జబ్బుతో అన్నం పెట్టే చేతిమీదే ఆధారపడిన మనిషి సంగతి వేరు. ఆ వ్యక్తి తన గోడు తాను చెప్పుకోలేడు, అక్కడ నర్సు చెప్పి తీరాలి. అరవై దాటాయన్న ఒక్క కారణంతో అందరినీ పసివాళ్ల జాబితాలో చేర్చే చట్టాలు నాకు రుచించవు.

జంతువులది పసివాళ్ల స్థితే, ఇంకా అధ్వానం. కుక్క ఎప్పటికీ పెద్దదై వాంగ్మూలం ఇవ్వదు. విచిత్రంగా చరిత్రలో జంతువులే ముందున్నాయి. న్యూయార్క్‌లో హెన్రీ బెర్గ్ జంతుహింస నివారణ సంఘాన్ని 1866లోనే స్థాపించారు. 1874లో మేరీ ఎలెన్ అనే బాలికను చిత్రహింసల నుంచి తప్పించడానికి సాయం కోరుతూ పేదల మధ్య సేవ చేసే ఒక మహిళ వెళ్లింది ఆయన దగ్గరికే. జంతువుల చట్టం కిందే ఆ పిల్లను కాపాడారన్న కథ ప్రచారంలో ఉంది, అది నిజం కాదు. బెర్గ్ మామూలు పౌరుడిగా కలగజేసుకున్నారు, సంఘం న్యాయవాది మరో చట్టమార్గంలో ఆమెను కోర్టుకు తెప్పించారు. ఆ తర్వాతే అక్కడ పిల్లల రక్షణ సంఘం పుట్టింది.

రెండు హింసలూ ఒకే గడప లోపల ఉంటాయన్నది 1983లో న్యూజెర్సీలో జరిగిన ఒక అధ్యయనంలోనూ కనిపించింది. పిల్లలపై హింస నమోదైన, పెంపుడు జంతువులున్న 53 కుటుంబాలను చూస్తే, సుమారు 60 శాతం ఇళ్లలో జంతువులకూ హింస లేదా నిర్లక్ష్యం తప్పలేదు. చిన్న అధ్యయనమే, దీనితో ప్రపంచమంతా ఇంతేనని తేల్చలేం. అయినా కాలిఫోర్నియాలో జంతు నియంత్రణ అధికారులు పిల్లలపై హింసను అనుమానిస్తే చెప్పి తీరాలి, పశువైద్యులు జంతుహింసను పోలీసులకు తెలియజేయాలి, అలా చెప్పినందుకు దావాలు పడకుండా వారికి రక్షణ ఉంది.

బలవంతపెడితే యజమానులు జంతువులను వైద్యానికి తీసుకురావడమే మానేస్తారని కొందరు పశువైద్యుల భయం. అందులో కొంత నిజముంది. ఆ భయం పిల్లల డాక్టర్ల విషయంలోనూ ఉన్నదే, దానికోసం వాళ్లను ఎవరూ వదిలేయడం లేదు. కొట్టడం, కాల్చడం, కోయడం కనిపిస్తే పశువైద్యుడు చెప్పి తీరాలనే నేనంటాను.

నిర్లక్ష్యం దగ్గర మాత్రం నా పట్టు సడలుతుంది. అమెరికాలో బాధితులుగా తేలిన పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు నిర్లక్ష్యానికి గురైనవాళ్లు. అందులో ఎంత పట్టనితనమో, ఎంత పేదరికమో బయటి మనిషికి తెలియదు. బక్కచిక్కిన ఎద్దు వెనుక దాణా కొనలేని మనిషి ఉండవచ్చు, చలికి వణుకుతున్న పిల్ల వెనుక రెండు పూటలా పనికి వెళ్లే తల్లి ఉండవచ్చు. ప్రాణాపాయం లేనంతవరకు ఇలాంటి సమాచారం మొదట పోలీసు స్టేషనుకు కాకుండా తిండి, మందు, వసతి ఇవ్వగల విభాగానికి వెళ్లాలి. ఇచ్చిన సాయాన్ని కాదని అదే తీరు సాగితే అప్పుడు కేసు పెట్టాలి.