ప్లగ్ సోలార్ కిట్: పెట్టడం తేలికే, ఏ సాకెట్‌లో అన్నదే అసలు సంగతి

రెండు 540 వాట్ల ప్యానెళ్లు, ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే 800 వాట్ల మైక్రో ఇన్వర్టర్, 2 కిలోవాట్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టె, చివర మామూలు మూడు పిన్నుల ప్లగ్గు. సాకెట్‌లో గుచ్చితే చాలు, బిల్లు తగ్గుతుందని అమ్మేవాళ్ల మాట. తగ్గుతుంది కూడా. అయితే సొంత డాబా ఉన్నవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు. నెట్ మీటరింగ్‌తో (మిగులు కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి బిల్లులో తగ్గించుకునే పద్ధతి) 3 కిలోవాట్లు పెట్టించుకుంటే పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, ఈ కిట్‌కు పైసా రాదు. అద్దె ఇంట్లో ఉంటూ, ఇల్లు మారితే సామానుతో పాటు పట్టుకుపోవాలనుకునేవాళ్లకే ఇది సరుకు. అదీ డాబా మీద ఏడెనిమిది గజాల చోటు దొరికితేనే.

డబ్బా మీద ‘బాల్కనీ సోలార్’ అని ఉంటుంది. ఆ మాట హైదరాబాద్‌లో నమ్మకండి. ఒక్కో ప్యానెల్ ఇంచుమించు 28 కిలోలు, ఏడున్నర అడుగుల పొడవు. బాల్కనీ గ్రిల్లుకు కట్టే వస్తువు కాదు, ఏప్రిల్ గాలివానకు అసలే ఆగదు. బరువు సంగతి అలా ఉంచి ఎండ సంగతి చూడండి. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో. ఈ రెండు తేదీల మధ్య కాలమంతా ఉత్తరం వైపే నడుస్తాడు. అంటే దక్షిణం గోడకు నిటారుగా వేలాడదీసిన ప్యానెల్ ముఖాన ఆ మూడు నెలలూ నేరుగా ఒక్క కిరణం పడదు. జర్మనీలో అలా వేలాడదీస్తే నడుస్తుంది, ఇక్కడ నడవదు. డాబా మీద దక్షిణానికి తిప్పి 15 నుంచి 18 డిగ్రీల వాలులో పెట్టాల్సిందే.

అలా పెడితే, నీడ లేకపోతే, ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా పుడుతుంది. బ్యాటరీలోకి పోయి వచ్చేటప్పుడు పదో వంతు పోతుంది, పెట్టె తనంతట తాను ఎప్పుడూ 10 నుంచి 20 వాట్లు తాగుతూనే ఉంటుంది. చేతికి మిగిలేది మూడు యూనిట్ల పైచిలుకు. నెలకు వంద అనుకోండి. మన స్లాబుల్లో ఈ వంద ఎక్కడ తగ్గుతుందన్నది ముఖ్యం. 295 యూనిట్లు కాల్చే ఇల్లు 195కి దిగితే ఎనర్జీ చార్జీ 1,751 నుంచి 796కి పడుతుంది, ఎందుకంటే 200 దాటగానే మొదటి యూనిట్ నుంచీ 5.10 లెక్కన వేస్తారు. గృహజ్యోతి ఉచిత కరెంటు పథకంలో సున్నా బిల్లు వచ్చే ఇంటికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక సాకెట్. హాల్లో టీవీ పక్కన ఖాళీగా ఉన్నదాంట్లో పెట్టడమే అందరూ చేసే తప్పు. 16 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే లైను కట్ చేసే స్విచ్) కింద ఉన్న వైరులోకి కిట్ మరో మూడున్నర ఆంప్స్ పంపుతుంది. అదే లైను మీద ఇస్త్రీపెట్టె, కెటిల్ కలిపి 19 ఆంప్స్ లాగినా ఎంసీబీకి తెలియదు, ఎందుకంటే దాని గుండా పోయేది 16 లోపే. గోడలో వైరు మాత్రం కాగుతుంది. డీబీ (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేరేగా లాగించి, 6 ఆంప్స్ ఎంసీబీ, ఎర్తింగ్ సరిగా ఉన్న ఒకే ఒక్క సాకెట్ ఇవ్వండి. ఆ లైను మీద ఇంకేమీ ఉండకూడదు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం పాత ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో. కిట్‌ను ఇన్వర్టర్ లైను సాకెట్‌లో పెడితే, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఇచ్చే 230 వోల్టులనే గ్రిడ్ అనుకుని దాంతో జత కడుతుంది. మిగిలిన కరెంటు ఇన్వర్టర్‌లోకి ఎదురు తన్ని దాని బోర్డును కాల్చేయొచ్చు. ఏ సాకెట్ ఇన్వర్టర్ లైనుదో ఎలక్ట్రీషియన్‌తో ముందే తేల్చుకోండి.

మీటరు సంగతీ ఉంది. నెట్ మీటర్ కాని డిజిటల్ మీటర్లు చాలావరకు బయటికి పోయిన కరెంటును కూడా వాడుకున్నట్టే కలిపేస్తాయి. దానం చేసి బిల్లు కట్టడమన్నమాట! అందుకే మెయిన్ ఫేజ్ వైరుకు సీటీ క్లాంప్ (కరెంటును కొలిచే క్లిప్పు) తగిలించి, కరెంటు బయటికి పోనివ్వని ‘జీరో ఎక్స్‌పోర్ట్’ సెట్టింగ్ పెట్టుకోవాలి. క్లాంప్ మీది బాణం తిరగబడితే లెక్కంతా తలకిందులవుతుంది. రాత్రి కిట్ ఇచ్చే సరఫరా ఆపి, గీజర్ వేసి చూడండి: కిట్ యాప్‌లో గ్రిడ్ అంకె రెండు వేల వాట్ల దాకా పెరగాలి. మైనస్‌లోకి పోతే క్లాంప్ తిప్పండి. త్రీఫేజ్ ఇంట్లో మూడు క్లాంప్‌లున్న మోడల్ అయితేనే తీసుకోండి. జీరో ఎక్స్‌పోర్ట్ పెట్టినా, గ్రిడ్‌తో కలిపి నడిపే సోలార్‌కు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అనుమతి అడగకుండా ఉండటం తెలివైన పని కాదు.

కరెంటు పోతే ఇల్లంతా వెలుగుతుందా? లేదు. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకూడదని గోడ సాకెట్‌కు ఇచ్చే సరఫరా ఆగిపోతుంది. పెట్టె మీదున్న బ్యాకప్ సాకెట్ ఒక్కటే పనిచేస్తుంది. ఫ్రిజ్, తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, వైఫై పది గంటలకు పైగా లాగించవచ్చు. బోరు మోటారు మాత్రం స్టార్టయ్యేటప్పుడే పెట్టెను పడుకోబెడుతుంది. ఆ బ్యాకప్ సాకెట్ నుంచి రెండువైపులా మేల్ ప్లగ్గున్న వైరుతో ఇంటికి కరెంటివ్వాలని మాత్రం చూడకండి. బయటికి పొడుచుకొచ్చిన పిన్నుల్లో ప్రాణం తీసే కరెంటు ఉంటుంది.

బ్యాటరీ పెట్టెను డాబా మీద వదిలేస్తే మేలో మధ్యాహ్నం దానంతటదే చార్జింగ్ ఆపేస్తుంది. లోపలి వేడి 45 డిగ్రీలు దాటితే రక్షణ సర్క్యూట్ చేసే పనే అది. మెట్ల కింద నీడలో, చుట్టూ జానెడు ఖాళీ వదిలి పెట్టండి. కిందికి దింపే డీసీ వైరు 4 స్క్వేర్ ఎంఎం సోలార్ కేబులే కావాలి. సోలార్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండువైపులా ఒకే కంపెనీవి ఉండాలి. జత కుదరని చోట వదులై, వేడెక్కి, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది. ప్యానెల్ కడగడం సూర్యోదయానికి ముందే, అదీ నల్లా నీళ్లతో. బోరు నీళ్లు ఆరితే అద్దం మీద తెల్ల పొర కడుతుంది, అది గుడ్డకు వదలదు.