మొదటి హోల్ సులువుగా ఉండాలా, కష్టంగానా?

గోల్ఫ్‌లో మొదటి టీ (హోల్ ఆరంభంలో బంతి కొట్టే చోటు) మీద నిలబడ్డ ఆటగాడికి ఉండే ఇబ్బంది కోర్సులో ఇంకెక్కడా ఉండదు. టీ నుంచి గుంత దాకా ఉండే ఒక్కో భాగమే హోల్. ఒళ్లు ఇంకా వేడెక్కలేదు. నడుము సరిగ్గా తిరగదు. వెనకాల తర్వాతి గ్రూపు వాళ్లు చేతులు కట్టుకుని చూస్తుంటారు. అదే షాట్‌ని ఆరో హోల్లో అయితే ఆలోచించకుండా కొట్టేస్తాడు. సరదా ఆటల్లో మొదటి బంతి పాడైతే ఇంకోటి కొట్టుకోమని ఒకరికొకరు వెసులుబాటు ఇచ్చుకునేది అందుకే. రూల్స్ దీనికి ఒప్పుకోవు, ఏడో హోల్లో ఆ దయ ఎవరూ చూపించరు కూడా.

కోర్సు గీసేవాడు ఈ టెన్షన్‌ని లెక్కలోకి తీసుకోవాలా, వద్దా? అసలు వాదమంతా ఇక్కడే ఉంది.

తీసుకోనక్కర్లేదు అనేవాళ్లు ఓక్‌మాంట్‌ని చూపిస్తారు. పెన్సిల్వేనియాలోని ఈ కోర్సులో మొదటి హోల్ 480 గజాలకు అటూ ఇటూ ఉండే పార్ 4, అంటే నాలుగు షాట్లలో పూర్తి చేయాల్సిన హోల్. గ్రీన్ (గుంత ఉండే నున్నటి గడ్డి) ముందు నుంచి వెనక్కి వాలి ఉంటుంది. బంతిని నేరుగా గ్రీన్ మీద దించితే వెనక్కి జారిపోతుంది. ముందే పడేసి దొర్లించాలి. గొప్ప హోల్, సందేహం లేదు. రెండో షాట్ అంత ఆలోచింపజేసే హోళ్లు తక్కువ. కానీ అక్కడ డ్రైవ్, అంటే టీ నుంచి కొట్టే తొలి షాట్, రఫ్‌లో (పక్కనుండే పొడవాటి గడ్డిలో) పడితే ఆ ఆలోచనకే చోటుండదు. బంతిని ఎలాగోలా బయటికి లాగడమే మిగులుతుంది. మామూలు ఆటగాడికి అదే ఎక్కువసార్లు జరుగుతుంది.

ఉత్తర ఐర్లండ్‌లోని రాయల్ పోర్ట్‌రష్ ఇంకో మెట్టు పైన. మొదటి హోల్లో ఎడమా కుడీ రెండు వైపులా అవుట్ ఆఫ్ బౌండ్స్, అంటే ఆట హద్దు గీత అవతలి చోటు. 1951 తర్వాత ఓపెన్ చాంపియన్‌షిప్ (బ్రిటన్‌లో జరిగే పెద్ద టోర్నమెంట్) 2019లోనే మళ్లీ అక్కడికి వచ్చింది. అక్కడివాడే అయిన గోల్ఫర్ రోరీ మెకిల్‌రాయ్ మీద అందరి ఆశలూ. అతను బంతిని అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్ అయిన డ్రైవర్ జోలికి పోకుండా, జాగ్రత్తగా దూరం తక్కువైన ఐరన్ క్లబ్ తీశాడు. బంతి ఎడమవైపు గీత దాటింది. ఆ హోల్ ముగించేసరికి 8 షాట్లయ్యాయి. మర్నాడు రౌండ్ మొత్తం 65 షాట్లలోనే ముగించి అద్భుతంగా ఆడినా, ఒకే ఒక్క షాట్ తేడాతో కట్ (చివరి రౌండ్లకు అర్హత) తప్పిపోయాడు. ఆదిలోనే హంసపాదు అంటే ఇదే. చూసేవాళ్లకి నాటకీయంగా ఉంటుంది, నిజమే. అయితే గీత దాటిన బంతికి ఒక పెనాల్టీ షాట్ కలిపి, మొదట కొట్టిన చోటి నుంచే మళ్లీ కొట్టాలి. అంటే రౌండ్ మొదలైన రెండో నిమిషంలోనే మూడో షాట్. వారానికోసారి ఆడేవాడికి ఇలాంటి ఆరంభం ఇవ్వడం నాకు నచ్చదు.

దీనికి పూర్తిగా అవతలి కొస పొట్టి పార్ 5. లాస్ ఏంజెలెస్‌లోని రివియేరా మంచి ఉదాహరణ. క్లబ్‌హౌస్ పక్కన ఎత్తైన టీ, కింద లోయలా ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన దారి), పొడవు 500 గజాలు దాటీ దాటనట్టు. ప్రొఫెషనల్స్ అక్కడ బర్డీ (పార్ కంటే ఒక షాట్ తక్కువ) ఖాయమనుకునే టీ ఎక్కుతారు, పార్ వస్తే ఒక షాట్ పోగొట్టుకున్నట్టు మొహం పెడతారు. సులువైన హోల్ కూడా ఇలా ఒత్తిడి పెట్టగలదన్నమాట. మామూలు ఆటగాడికి పార్ 5లో ఉన్న లాభం వేరే: ఒక షాట్ పాడైనా సర్దుకోవడానికి ఇంకా రెండు మిగిలి ఉంటాయి. నష్టం కూడా ఉంది. రెండు షాట్లలో గ్రీన్ చేరగలం అనుకునేవాళ్లు అది ఖాళీ అయ్యేదాకా ఫెయిర్‌వేలో కాచుక్కూర్చుంటారు. వాళ్లలో సగం మంది బంతి ఎలాగూ అక్కడికి చేరదు.

పార్ 3తో మొదలుపెట్టడం అరుదు. ఓపెన్ జరిగే కోర్సుల్లో ఇంగ్లండ్‌లోని రాయల్ లిథమ్ ఒక్కటే అలా మొదలవుతుంది. రెండు వందల గజాలకు కాస్త పైన, చుట్టూ బంకర్లు, అంటే ఇసుక గుంతలు. పార్ 3 గ్రీన్ మీద పట్లు (గుంతలోకి దొర్లించే షాట్లు) అయ్యేదాకా వెనక గ్రూపు కదలలేదు. మామూలు పార్ 4లోనైతే ముందు గ్రూపు రెండో షాట్లు కొట్టి వెళ్లగానే టీ ఖాళీ అయినట్టే. అందుకే పార్ 3 ఆరంభం ఆటని నెమ్మదింపజేస్తుందని ఫిర్యాదు. ఇందులో నిజం సగమే. ఎక్కడో మూడో హోల్లో ఇరుక్కుని నిలబడేకంటే మొదటి టీ దగ్గరే ఎడం పెట్టి వదలడం మేలు. నా అభ్యంతరం వేరే. ఒళ్లు తిరగని మనిషిని రెండు వందల గజాల దూరంలో ఉన్న చిన్న లక్ష్యానికి కొట్టమనడం కష్టమైన పార్ 4 కంటే కఠినం.

ఇక నా ఓటు ఎవరికంటే, స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సుకి. మొదటి హోల్ దాదాపు 376 గజాలు. పద్దెనిమిదో హోల్‌తో ఫెయిర్‌వే పంచుకుంటుంది కాబట్టి వెడల్పే 129 గజాల దాకా ఉంటుంది. బంకర్ ఒక్కటీ లేదు. ఇంతకంటే వెడల్పైన గురి గోల్ఫ్‌లో దొరకడం కష్టం. అయినా గ్రీన్‌కి ఆనుకుని ముందు స్విల్కన్ వాగు పారుతుంది. గుంతనీ దాని జెండానీ గ్రీన్ ముందు అంచుకు పెట్టారంటే చిన్న ఐరన్ చేతిలో ఉన్నా గొంతు ఆరిపోతుంది. కాస్త తగ్గితే నీళ్లు, కాస్త ఎక్కువైతే పొడవాటి పట్. ఎదురుగాలి వీస్తే మామూలుగా తీసేదానికంటే రెండు మెట్లు పెద్ద క్లబ్ తీయాలి, ఆ ఒప్పుకోలు చాలామందికి చేతకాదు. మొదటి షాట్‌కి చోటిచ్చి రెండో షాట్‌ని ప్రశ్నించడం అంటే ఇది. మంచి ఆటగాడికీ కొత్తవాడికీ డ్రైవ్ తర్వాత ఆడటానికి ఏదో ఒకటి మిగులుతుంది, చివరికి స్కోరులో మాత్రం తేడా కనిపిస్తుంది.

అంత వెడల్పులో తప్పడం అసాధ్యం అనుకోకండి. 1991 ఓపెన్ విజేత ఇయాన్ బేకర్-ఫించ్ 1995లో ఇక్కడే బంతిని పద్దెనిమిదో ఫెయిర్‌వే కూడా దాటించి ఎడమవైపు అవుట్ ఆఫ్ బౌండ్స్‌లోకి కొట్టాడు. ఆ తప్పు మాత్రం హోల్‌ది కాదు.

వెడల్పే అన్నీ కాదు, ఎంపిక కూడా ఉండాలి. స్కాట్లండ్‌లోని మాక్రిహానిష్ మొదటి టీ షాట్ అట్లాంటిక్ ఒడ్డు మీదుగా కొట్టాలి. చూస్తే గుండె ఝల్లుమంటుంది. కానీ ఎంత బీచ్ దాటించాలో ఆటగాడి ఇష్టం, ఇసుకలో పడ్డ బంతిని అక్కడి నుంచే ఆడుకోవచ్చు కూడా. భయం ఎక్కువ, శిక్ష తక్కువ. డెన్వర్ దగ్గరి చెర్రీ హిల్స్‌లో 1960 యూఎస్ ఓపెన్ ఆఖరి రౌండ్‌లో ఆర్నాల్డ్ పామర్ 346 గజాల మొదటి హోల్ గ్రీన్‌ని ఒకే దెబ్బతో అందుకున్నాడు, ఏడు షాట్ల వెనకబాటు పూడ్చి గెలిచాడు. మొదటి రౌండ్‌లో అదే ప్రయత్నం అతనికి 6 తెచ్చిపెట్టింది. పోటీకి ఇంతకంటే ఏం కావాలి? రోజూ వందమంది ఆడే కోర్సులో మాత్రం అలాంటి హోల్ మొదట పెడితే ప్రతివాడూ గ్రీన్ ఖాళీ అయ్యేదాకా ఆగుతాడు. దాన్ని ఏ పదో హోల్‌గానో పెట్టుకోవడం నయం.

నేల ఇవ్వకపోతే ఎవరూ చేసేదేం లేదు. క్లబ్‌హౌస్ ఎక్కడుంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి, పొద్దున్నే వచ్చేవాళ్లకి ఎండ కళ్లలో పడకుండా తూర్పు దిక్కు తప్పించాలి. అగస్టా నేషనల్‌లో 1934 నాటి తొలి టోర్నమెంట్‌కి ఇప్పటి పదో హోలే మొదటిది. తర్వాతి ఏడాదికి మొదటి తొమ్మిది హోళ్లనీ చివరి తొమ్మిదినీ తారుమారు చేశారు. దీనికి చెప్పే కారణం మంచు. పల్లంలో, నీడలో ఉన్న హోళ్ల మీద ఉదయం అది ఆలస్యంగా కరిగేది, ఆట మొదలుపెట్టడానికి వీలయ్యేది కాదట.