స్టెరాయిడ్లతో గుల్లబారే ఎముకలకు ఏ మందు మేలు?

ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన తొలి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎముక అన్నిటికంటే వేగంగా తరుగుతుంది. కీళ్లవాతానికో, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడిచేసే లూపస్‌కో, ఆస్తమాకో డాక్టరు ఆ మాత్ర రాసినప్పుడు ఇంట్లో అందరి టెన్షన్ ముఖం ఉబ్బడం గురించి, షుగర్ పెరగడం గురించి. ఎముక తరిగేటప్పుడు నొప్పి ఉండదు కాబట్టి దాని సంగతి ఎవరూ అడగరు. వెన్నుపూస నలిగి నడుం పట్టేశాక గానీ ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ దాకా వెళ్లరు.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022 మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2.5 మిల్లీగ్రాములు, అంతకు మించి ప్రెడ్నిసలోన్ మూడు నెలలు దాటి వాడేవారందరికీ ఎముక విరిగే ముప్పు ఎంతుందో వీలైనంత త్వరగా అంచనా వేయాలి. డెఫ్లజాకార్ట్ అనే స్టెరాయిడ్ వాడేవాళ్లు తమది వేరే మందు అనుకోవద్దు. అది 6 మిల్లీగ్రాములంటే ప్రెడ్నిసలోన్ 5 మిల్లీగ్రాములతో దాదాపు సమానం.

చాలామందికి దొరికే వైద్యం కాల్షియం బిళ్ళ, వారానికో విటమిన్ డి. వయసు తక్కువై, డోసూ తక్కువై, ఇంతవరకూ ఎముక విరగని వారికి అది చాలు. మిగతావారికి చాలదు. స్టెరాయిడ్ పేగుల్లో కాల్షియం ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది, మూత్రంలో పోయేదాన్ని పెంచుతుంది. ఈ రెండు లోటులనూ కాల్షియం కొంత పూడుస్తుంది. కానీ స్టెరాయిడ్ అసలు దెబ్బ కొత్త ఎముకను కట్టే కణాల మీద. వాటిని కాల్షియం కాపాడలేదు. అయినా తిండితో కలిపి రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం అందాలి. గ్లాసు పాలలో సుమారు 240, వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 ఉంటాయి. స్టెరాయిడ్‌తో పాటు పాంటప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళ కూడా రోజూ వేసుకునేవారు కాల్షియం కార్బొనేట్‌కు బదులు సిట్రేట్ అడగండి. కార్బొనేట్ కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి.

అసలు పోలిక ఆపైన ఇచ్చే నాలుగు మందుల మధ్య. వారానికొక మాత్రగా అలెండ్రోనేట్, ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఆర్నెల్లకో ఇంజెక్షన్‌గా డెనోసుమాబ్, రోజూ పెన్నుతో పొడుచుకునే టెరిపారటైడ్. వీటిని బలం ఎంత, ధర ఎంత అని పోల్చడం మామూలే. నేను వాటికంటే ముందు ఒక ప్రశ్న వేస్తాను. డోసు తప్పితే ఏమవుతుంది? ఏళ్ల తరబడి సాగే వైద్యంలో డోసు తప్పని ఇల్లు అరుదు.

అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర అందరికీ అందుబాటు ధరలో ఉంటుంది, ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న మందు. చిక్కంతా వేసుకునే పద్ధతిలోనే. పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, అరగంట సేపు నడుం వాల్చకూడదు. ఆ అరగంటా కాఫీ, టిఫిన్, వేరే మాత్రలు ఏవీ వద్దు. థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే వేసుకునేవారికి, అసలే ఛాతీలో మంట ఉన్నవారికి ఇది కష్టం. ఒక వారం మరిస్తే పెద్ద ప్రమాదం లేదు. మర్నాడు పొద్దున వేసుకోవచ్చు, ఒకేరోజు రెండు మాత్రం మింగకూడదు. అయితే ఒక వారం మరిచినవారు నెలలకు నెలలు మానేయడమే ఎక్కువ.

అందుకే కిడ్నీలు బాగున్న వారికి ఏడాది సెలైన్ వైపే నా మొగ్గు. జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు కనీసం పదిహేను నిమిషాలు ఎక్కిస్తారు, ఏడాదికి అంతే. స్టెరాయిడ్ వాడే 833 మందిపై చేసి 2009లో లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పటికే ఎముక తరిగినవారికి ఏడాదిలో నడుము వెన్నుపూసల సాంద్రత దీనితో 4.06 శాతం పెరిగింది. అలెండ్రోనేట్ కోవకే చెందిన రైసిడ్రోనేట్ మాత్ర రోజూ వేసుకున్నవారిలో 2.71 శాతమే. ఒకటి రెండు నెలలు ఆలస్యమైనా కొంప మునగదు, మందు ఎముకలోనే నిలిచి ఉంటుంది. మొదటిసారి ఎక్కించాక జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. పారాసెటమాల్‌తో సాధారణంగా మూడు రోజుల్లో సర్దుకుంటాయి. స్టెరాయిడ్ వాడేవారికి ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ కాబట్టి జ్వరం అంతకు మించి ఉంటే డాక్టరుకు చెప్పాలి. ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు తప్పనిసరి. కిడ్నీల వడపోతను చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 35 కంటే తక్కువుంటే ఈ మందు వద్దు.

డెనోసుమాబ్ విషయంలో నేను గట్టిగానే చెప్తాను. మందు మంచిదే, సాంద్రత బాగా పెంచుతుంది, చర్మం కింద వేసే చిన్న ఇంజెక్షన్. కానీ ఆపేస్తే అప్పటిదాకా అణిగి ఉన్న ఎముక అరుగుదల ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు నలిగిన సందర్భాలున్నాయి. చివరి ఇంజెక్షన్ నుంచి ఏడు నెలలు దాటనివ్వకూడదు. పిల్లల దగ్గర ఉండడానికి విజిటర్ వీసా మీద ఆర్నెల్లు అమెరికా వెళ్లే అమ్మానాన్నల్ని తలుచుకోండి. ఇంజెక్షన్ గడువు అక్కడ ఉండగానే వస్తుంది, ట్రావెల్ ఇన్సూరెన్స్ పాత జబ్బుల మందులకు సాధారణంగా డబ్బివ్వదు. మొదలుపెట్టేముందే ఈ లెక్క వేసుకోవాలి. మానాల్సి వస్తే వెనకే జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటిది ఇవ్వాల్సిందే. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఇది పనికొస్తుందని అంటారు, నిజమే. అయితే డయాలసిస్ చేయించుకునేవారిలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోతోందని 2024 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అత్యంత తీవ్రమైన హెచ్చరిక చేర్చింది. వారికి కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) కనుసన్నల్లోనే వాడాలి.

ఇక టెరిపారటైడ్. పై మూడూ అరుగుదలను ఆపేవి, ఇది కొత్త ఎముకను కట్టించేది. స్టెరాయిడ్ దెబ్బకొట్టే చోటే ఇది పనిచేస్తుంది. 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో 18 నెలలకు వెన్నుపూసల సాంద్రత దీనితో 7.2 శాతం, అలెండ్రోనేట్‌తో 3.4 శాతం పెరిగింది. కొత్తగా వెన్నుపూస విరిగినవారు దీనిలో 0.6 శాతం, అలెండ్రోనేట్‌లో 6.1 శాతం. ఇంత తేడా ఉన్నా అందరికీ ఇది ఇవ్వమనను. రోజూ సూది, ఫ్రిజ్‌లో దాచడం, నెలనెలా ఖర్చు. మామూలుగా రెండేళ్లు వాడాక మాత్రకో సెలైన్‌కో మారకపోతే కట్టిన ఎముక మళ్లీ కరిగిపోతుంది. అయితే ఇప్పటికే వెన్నుపూసో తుంటో విరిగినవారు, రోజుకు 30 మిల్లీగ్రాములు, ఆపైన ప్రెడ్నిసలోన్ నెలకు మించి వాడుతున్నవారు దీని గురించి ముందుగా అడగాలి. అప్పు చేసైనా వాడదగ్గ మందు ఏదైనా ఉంటే వాళ్లకు ఇదే. ఎముకలకు రేడియేషన్ తీసుకున్నవారికీ, రక్తంలో కాల్షియం ఎక్కువున్నవారికీ ఇవ్వరు.

లూపస్ ఉన్న అమ్మాయిల సంగతి వేరు. అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ ఏళ్ల తరబడి ఎముకలో ఉండిపోతాయి. పిల్లలు కావాలనుకునేవారు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి, అడగలేదు కదా అని ఊరుకోకూడదు. పళ్లు పీకించుకోవాల్సి ఉంటే సెలైన్‌కో ఇంజెక్షన్‌కో ముందే ఆ పని ముగించాలి. ఈ మందులతో దవడ ఎముక దెబ్బతినడం అరుదే గానీ వస్తే మానడం కష్టం.

ఎముకల భయంతో స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. మీ జబ్బును బట్టి స్టెరాయిడ్ అవసరాన్ని తగ్గించే మెథోట్రెక్సేటో అజాథయోప్రినో జోడించి డోసు మెల్లగా దించగలరేమో అడగండి. స్టెరాయిడ్ తగ్గేకొద్దీ విరిగే ముప్పూ తగ్గుతుంది. గజ్జల్లో నొప్పి మొదలైతే మాత్రం ఈ మందులే చూసుకుంటాయని ఆగవద్దు. స్టెరాయిడ్ వల్ల తుంటి ఎముకకు రక్తం అందక చచ్చుబడే జబ్బు తొలిదశలో ఎమ్మారైలో కనిపిస్తుంది, డెక్సాలో కనిపించదు.