కోటి కోట్ల డాలర్ల జింబాబ్వే నోటు: కొనాలనుకునే వారికి

జింబాబ్వే 100 ట్రిలియన్ డాలర్ల నోటు, మన లెక్కలో కోటి కోట్లు, పాత నోట్లు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణంలో కొన్నాను. బ్యాంకు క్యాష్ కౌంటర్‌లో పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి ముందుగా చూసింది ఇది అసలుదా, నకిలీదా అనే. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆ దేశపు చిహ్నమైన జింబాబ్వే పక్షి నీటిగుర్తు (వాటర్‌మార్క్) స్పష్టంగా కనిపించింది. మడత లేని కాగితం పెళపెళలాడుతోంది. బంగారు రేకు నోట్లు కూడా ఇదే పేరుతో అమ్ముతున్నారు. అవి ఆ దేశపు రిజర్వు బ్యాంకు వేసినవి కావు, వాటి జోలికి పోవద్దు.

నోటుకు వంక పెట్టలేను. కోపం తెప్పించింది దానితో వచ్చిన కవరు. 'స్నేహితులను నవ్వించే కానుక' అని అచ్చువేశారు. ఇందులో నవ్వడానికి ఏముంది?

నోటు మీద ఒకదానిపై ఒకటి నిలిచిన బండరాళ్లు రాజధాని హరారే పక్కనున్న ఎప్‌వర్త్‌లోవి. 1980లో స్వాతంత్ర్యం వచ్చాక వేసిన తొలి నోట్ల మీదా ఇవే రాళ్లు. అప్పుడు జింబాబ్వే డాలరు విలువ అమెరికా డాలరు కంటే ఎక్కువ. 1997లో అధ్యక్షుడు ముగాబే ప్రభుత్వం ఖజానాలో సొమ్ము లేకుండానే విముక్తి పోరాట యోధులకు భారీ చెల్లింపులు ప్రకటించింది. మరుసటి ఏడాది కాంగో యుద్ధానికి సైన్యాన్ని పంపింది. 2000లో తెల్లజాతివారి పొలాల ఆక్రమణ మొదలైంది. భూమి విషయంలో వలసపాలన చేసిన అన్యాయాన్ని సరిదిద్దాల్సిందే, కానీ మంచి పొలాలెన్నో పాలక పార్టీ పెద్దలకు దక్కాయి, ఎగుమతులు పడిపోయాయి. లోటు పూడ్చడానికి నోట్లు గుద్దారు. 2008 జూలైలో ద్రవ్యోల్బణం ప్రభుత్వ లెక్క ప్రకారమే 23.1 కోట్ల శాతం. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల తొలి విడతలో ప్రతిపక్ష నేత స్వాంగిరాయ్ ముందంజలో నిలిస్తే, ఆయన మద్దతుదారులపై దాడులు జరిగాయి. ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు, ముగాబే గద్దె దిగలేదు.

ఈ నోటు 2009 జనవరిలో వచ్చింది. అడిగిన వెంటనే చెల్లిస్తానన్న హామీ కింద రిజర్వు బ్యాంకు గవర్నర్ గిడియన్ గోనో సంతకం ఉంది. అలాంటి హామీని నమ్మే ఉద్యోగమంతా నోట్లు లెక్కపెట్టాను. 2015లో పాత నోట్లు తెచ్చి మార్చుకోమన్నప్పుడు దీనికి ఇచ్చింది 40 అమెరికా సెంట్లు. ఇప్పుడు వేల రూపాయలు పలుకుతోంది. దాచుకున్న డబ్బూ పింఛనూ ఆవిరైన అక్కడి టీచర్లకు, గుమాస్తాలకు ఇందులో పైసా చేరదు.

కొనండి, కానీ ఆ కవరు పారేయండి. పిల్లలకిస్తే ఈ కథ కూడా చెప్పి ఇవ్వండి. లామినేషన్ మాత్రం చేయించవద్దు, నోటు పాడవుతుంది.