పిందె నిలబెట్టే సరంజామా: కుంచెకి సరే, వణికే పుల్లకి వద్దు

మిద్దెతోట సామాన్లలో పరాగ సంపర్కం పేరుతో మూడు సరుకులు దొరుకుతున్నాయి: బ్యాటరీతో వణికే పుల్ల, మెత్తని కుంచెలు, పూత నిలిపే మందు సీసా. తీగ కూరగాయల మటుకు డబ్బు పెట్టదగ్గది కుంచె ఒక్కటే. అదీ అన్ని తీగలకీ కాదు.

వణికే పుల్ల టమాటా, వంగలకి మంచి పనిముట్టు. వాటికి ఒకే పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి కాబట్టి కాస్త కుదిపితే చాలు. గుమ్మడి, సొర, బీరలకి ఆడ పువ్వు వేరు, మగ పువ్వు వేరు. గుమ్మడి పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది. ఎంత వణికించినా పక్క పువ్వుకి చేరదు. డబ్బా మీద గుమ్మడికాయ బొమ్మ వేసినా సరే, కొనకండి.

కుంచె కాకర, దోసల చిన్న పూలకి బాగుంటుంది. బొమ్మలు వేసే సున్నా నుంచి రెండో నంబరు గుండ్రటి కుంచె చాలు, ప్రత్యేకంగా అమ్మేది అక్కర్లేదు. అది పొడిగా ఉండాలి; తడి తగిలిన పుప్పొడి పగిలిపోతుంది. గుమ్మడికైతే మగ పువ్వే కుంచె. రేకులు తుంచేసి మధ్య కాడని ఆడ పువ్వు కీలాగ్రానికి (మధ్యలో పుప్పొడి అందుకునే కొనకి) రుద్దాలి. దాని పాయలన్నింటికీ పుప్పొడి అంటాలి. ఒకవైపు వదిలేస్తే అటు గింజ సరిగా కట్టక కాయ వంకరపోతుంది. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకి వస్తుంది.

అసలు పేచీ వేళ దగ్గర. గుమ్మడి తెల్లవారుజామున విచ్చి ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది, పని ఎనిమిదింటిలోపు అయిపోవాలి. కాకర, దోస కూడా పొద్దుటిపూటే. సొర, బీర సాయంత్రం విచ్చుతాయి. కుంచె పనిచేయలేదని తిట్టేవాళ్ళలో కొందరు పొద్దున పదింటికి సొర పువ్వుతో కుస్తీపట్టే బాపతేమో. సొరతో చిక్కు ఇదే: తేనెటీగలు గూటికి చేరే వేళకి పువ్వు విచ్చుతుంది.

మందు సీసాల్లో ఎక్కువగా కనిపించేది ఆల్ఫా నాఫ్థైల్ ఎసిటిక్ ఆమ్లం, 4.5 శాతం. 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. కలిపితే 10 పి.పి.ఎం. (పది లక్షల భాగాల్లో పది భాగాలు) అవుతుంది. పూత, పిందె తొడిమ దగ్గర ఊడిపోకుండా ఆపడం దాని పని, పుప్పొడికి బదులు కాదు. మోతాదు పెంచారా, కొన్ని పండ్ల తోటల్లో పిందెలు రాల్చడానికి వాడేదీ ఇదే మందు! ఆడపూలే తక్కువైతే 2-4 ఆకుల దశలో లీటరు నీటికి 3 గ్రా. బోరాక్స్ పిచికారీ చేయడం మేలు. పూత వచ్చాక కొట్టి లాభం లేదు. యూరియా ఎక్కువైనా, ఎండలు ముదిరినా మగపూలే విరగబూస్తాయి.

ఏదైనా కొనేముందు రాలిన పిందెని చూడండి. కొన నుంచి పసుపురంగుకి తిరిగి ముడుచుకుపోతే సాధారణంగా పుప్పొడి అందనట్టు. తీగ మీద అప్పటికే కాయలు బరువుగా ఉంటే కొత్త పిందెల్ని తీగే వదిలేస్తుంది. సూది గుచ్చినట్టు చుక్క, జిగురు, కోస్తే లోపల పురుగు కనిపిస్తే అది పండు ఈగ. దానికి క్యూలూర్ ఎర బుట్ట కట్టాలి, మామిడికి వాడే మిథైల్ యూజినాల్ ఎర కాదు. దొండకి ఇవేవీ అక్కర్లేదు, పుప్పొడి లేకుండానే కాస్తుంది. ఆగాకరకి మగ తీగే వేరు. అది లేకపోతే ఎంత ఖరీదైన కుంచైనా దండగే.