జెరండ్, ఇన్ఫినిటివ్ గొడవకి మర్ఫీ పుస్తకం

ఇంట్లో ట్యూషన్లు చెప్తాను. డిగ్రీ పిల్లలు, బ్యాంకు పరీక్షలవాళ్ళు వస్తారు. అందరికీ ఒకటే టెన్షన్: 'ఎంజాయ్' తర్వాత 'రీడింగ్' (ఇలా '-ఇంగ్' చేరిన రూపమే జెరండ్), 'డిసైడ్' తర్వాత 'టు రీడ్' (ఇలా 'టు'తో వచ్చేది ఇన్ఫినిటివ్) ఎందుకని.

రేమండ్ మర్ఫీ రాసిన 'ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్' అయిదో ఎడిషన్‌లో 53 నుంచి 58 దాకా యూనిట్లు ఈ గొడవ మీదే. ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో ఎక్సర్‌సైజులు. నాకు బాగా నచ్చింది 56వది. ఒకే క్రియకి రెండూ వచ్చి అర్థం మారిపోయేది ఇక్కడే మొదలవుతుంది. 'రిమెంబర్ టు పే' అంటే డబ్బు కట్టాలని గుర్తుపెట్టుకుని కట్టడం. 'రిమెంబర్ పేయింగ్' అంటే కట్టేసినట్టు గుర్తుండటం. ఫీజు అడిగితే మా పిల్లలందరికీ రెండోదే వస్తుంది!

'లుక్ ఫార్వర్డ్ టు' దగ్గర మనవాళ్ళు తప్పకుండా 'సీ' అంటారు, 'సీయింగ్' అనరు. అక్కడ 'టు' ప్రిపొజిషన్ ('ఇన్', 'ఫర్' లాంటి మాట) కదా, దాని తర్వాత '-ఇంగ్' రూపమే రావాలి. ఆ సంగతి 60వ యూనిట్లో విడిగా చెప్పారు, మంచి పని.

ఏ క్రియకి ఏది వస్తుందో మాత్రం చివరికి బట్టీ కొట్టాల్సిందే, పుస్తకం కూడా జాబితాలే ఇస్తుంది. తెలుగులో వివరణ ఉండదు కాబట్టి ఇంగ్లిష్ అసలు రానివాళ్ళు దీంతో మొదలుపెట్టొద్దు. బ్యాంకు పరీక్షల స్పాటింగ్ ఎర్రర్స్ (వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నలు) సాధనకి ఇదొక్కటే చాలదు, పాత ప్రశ్నపత్రాలు పక్కన పెట్టుకోవాలి.

కొనేముందు అట్ట చూడండి. జవాబులు లేని ఎడిషన్ కూడా అమ్ముతారు. సొంతంగా చదువుకునేవాళ్ళకి అది దండగ.